బ్యాటరీ మీద పేరు

మా ఉషశ్రీ కొన్న బండికి బ్యాటరీ లేదు. షోరూం వాళ్ళు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తాళాలు చేతికిచ్చాక గానీ ఈ సంగతి నాకు తెలియలేదు. మరి సీటు కింద బరువుగా ఉన్నదేమిటని అడిగితే, అది కంపెనీదని చెప్పారు.

"అదేంటే, ఇంజను లేని బస్సు కొన్నట్టు?" అన్నాను.

"రూలే అంతమ్మా. బ్యాటరీ లేకుండా బండి అమ్మొచ్చని, రిజిస్ట్రేషన్ చెయ్యొచ్చని గవర్నమెంటే చెప్పింది. బండి మనది, బ్యాటరీ వాళ్ళది. అయిపోగానే పాయింట్‌కి వెళ్ళి ఖాళీది ఇచ్చేసి నిండుది తెచ్చుకుంటా. గంటలు గంటలు ఛార్జింగ్ పెట్టుకుని కూర్చోనక్కర్లా. రెండు నిమిషాల పని."

"మనం ఇచ్చింది ఎవరికి పోద్ది?"

"ఇంకెవరికో."

"మనకొచ్చింది ఎవరి దగ్గర్నుంచి?"

"ఇంకెవరి దగ్గర్నుంచో. గ్యాస్ సిలిండర్ మార్చుకోవట్లా?"

సిలిండర్ మార్చుకుంటాను. కానీ వచ్చిన సిలిండర్‌ని నేను ఊరికే వంటింట్లోకి రానివ్వను. సీలు చూస్తాను. మూత తీయించి వాషరు చూస్తాను. సబ్బునీళ్ళు పోసి బుడగ వస్తుందేమో చూస్తాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా బుడగ రాలేదు. చూశాను కాబట్టే రాలేదని నా నమ్మకం.

బ్యాటరీకి సబ్బునీళ్ళు పోసి చూడలేం కదా.

మా ఆయన ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు పంపే సెక్షన్లో చేస్తారు. ఆయనతో మొరపెట్టుకుంటే పేపర్లోంచి తల ఎత్తకుండానే, "దేశమంతా ఇట్టాంటి పాయింట్లు పెడతారంట. ఎట్టా పెట్టాలో, ఎట్టా నడపాలో గైడ్‌లైన్స్ కూడా వచ్చాయి" అన్నారు.

"ఎవరు రాశారవి?"

"ఢిల్లీలో."

"హైవే మీద నవాబుపేట దగ్గర లారీలు ఎట్టా పోతాయో ఢిల్లీ వాళ్ళకి తెలుసంటా?"

"పుష్పా, ఢిల్లీ సంగతి సాయంత్రం చూద్దాం. ముందు ఇడ్లీ పెట్టు, బస్సు పోతది."

నా భయం ఇంట్లో ఎవరికీ పట్టదు. అది నాకు అలవాటే. కానీ ఈసారి భయపడటానికి కారణం ఉంది.

ఉషశ్రీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి రెండేళ్ళు ఖాళీగా ఉంది. నందిగామలో గాంధీ బొమ్మ సెంటర్ దగ్గర ఒక ల్యాబు వాళ్ళు పిలిచి ఒక రూటు ఇచ్చారు. మా జగ్గయ్యపేట, ముక్త్యాల రోడ్డు కలిపి. పొద్దున ఆరింటికల్లా ఇళ్ళకెళ్ళి పరగడుపున రక్తం తీయాలి. ఆ గొట్టాలన్నీ ఐసు పెట్టిన పెట్టెలో సర్దుకుని, పదింటిలోగా నందిగామలో అప్పజెప్పాలి. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, హైవే మీద. మూడు నెలలు చూస్తామన్నారు. ఈ మూడు నెలల్లో రెండుసార్లు పది దాటిందంటే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. దాటకపోతే పర్మనెంటు.

రూటు పోతే హైదరాబాదు వెళ్ళి హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటానని ఉష ముందే చెప్పేసింది. హాస్టలంటే లిఫ్టులు, నీళ్ళ ట్యాంకులు, గదికి నలుగురు, ఆ నలుగురూ ఎవరో. బ్యాటరీకి భయపడాలా, హైదరాబాదుకి భయపడాలా అంటే నా ఓటు హైదరాబాదుకే. అందుకని ఆ రూటు నిలబడాలని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి మొక్కుకున్నాను.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ఒక మంగళవారం బండి నవాబుపేట చేరకముందే నీరసపడి ఆగిపోయింది. పాయింట్లో నిండుగా ఉందనే ఇచ్చారట. దారిలో ఛార్జింగ్ చూపించే గీతలు ఒక్కొక్కటీ గబగబా రాలిపోయాయట. భుజాన పెట్టె, పక్కన సిమెంటు లారీలు, పిల్ల బండి తోసుకుంటూ పోయి చివరికి ఎవరిదో ఆటో పట్టుకుని పదీ ఇరవైకి చేరింది.

ఒకటి అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

"ఒక్కోసారి ఒక్కోటి వస్తదమ్మా. ఒకటి నందిగామ వెళ్ళొచ్చినా ఇంకా ఉంటది. ఇంకోటి చిల్లకల్లు టోల్‌గేటు దాటితే గుండె దడ" అంది ఉష ఆ సాయంత్రం.

మంచివి ఎవరికి పోతున్నాయో కనుక్కోవాలనిపించింది నాకు.

మా జగ్గయ్యపేటలో బ్యాటరీలు మార్చే పాయింటు రాంబాబుది. అతనికి టైర్ల షాపుంది. దాని ముందు ఇనప గ్రిల్లు వేసిన అర ఒకటి, అందులో పైన మూడు, కింద మూడు బ్యాటరీలు. ఒకరోజు మధ్యాహ్నం కూరగాయల సంచితో వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఇద్దరొచ్చారు. ఇద్దరికీ కింది వరసలోంచే ఇచ్చాడు.

"ఏంటి పిన్నిగారూ, ఎండలో నిలబడ్డారు?"

"ఊరికే నాయనా. ఆ కింది వరసవి ఎవరికి?"

"ఎవరొస్తే వాళ్ళకి."

"మా అమ్మాయొస్తే మాత్రం పైనుంచి తీస్తావంటగా?"

"పచ్చలైటు ఏది వెలిగితే అదివ్వాలి పిన్నీ. నా చేతిలో ఏముంది?"

"మధ్యలో దాన్ని ఎవరు ముట్టుకున్నారో, ఎట్టా వాడారో మాకెట్టా తెలుస్తది?"

"మీకెందుకు తెలవాలి? కంపెనీకి తెలిస్తే చాలు."

చేతిలో ఏమీ లేదన్నవాడి చేతులే నేను ముందు చూస్తాను. అతని చేతులకి గ్రీజు తప్ప ఇంకేమీ కనపడలేదు. అయినా నమ్మకం కుదరలేదు. మంచి కూరగాయలు తెలిసినవాళ్ళకి అడుగునుంచి తీసి ఇవ్వడం నేను చూడని విషయమా?

మూడో నెల ఆఖరుకి వచ్చింది. సోమవారంతో గడువు పూర్తవుతుంది. శనివారం ఉష నందిగామ నుంచి వచ్చి హెల్మెట్ తీస్తూనే, "ఇవాళ్టిది బంగారం అమ్మా. వెళ్ళొచ్చాక కూడా సగముంది" అంది. ఆదివారం సెలవు. అంటే ఆ బంగారం లాంటి బ్యాటరీ సోమవారం పొద్దుటిదాకా మా వాకిట్లోనే ఉంటుంది. ఆ తర్వాత పేట వీధుల్లో తిరిగి రక్తాలు తీసేసరికి అది ఖాళీ అవుతుంది, రాంబాబుకి ఇచ్చేయాలి. మళ్ళీ జన్మలో కనపడదు.

ఆదివారం పదకొండింటప్పుడు వీధిలోంచి కేక వినిపించింది. "స్టీలు సామాన్లకి పేర్లేస్తాం! గిన్నెలకి, డబ్బాలకి పేర్లేస్తాం!"

మా ఇంట్లో గరిటె దగ్గర్నుంచి గంగాళం దాకా అన్నిటి మీదా పేరుంటుంది. పేరంటాలకీ పెళ్ళిళ్ళకీ ఇరుగుపొరుగు పట్టుకెళ్తారు, అక్కడ అందరి సామానూ కలిసిపోతుంది. పేరున్న గిన్నె ఏ ఇంటికెళ్ళినా తిరిగొస్తుంది. పేరు లేనిది పోతుంది. మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి బిందె పక్కవీధి సౌభాగ్యమ్మగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళింది. తిరిగొచ్చింది వేరే సొట్టబిందె. అడిగితే, "బిందెకి బిందె వచ్చిందిగా పుష్పవతీ" అంది ఆవిడ. బిందెకి బిందె, బ్యాటరీకి బ్యాటరీ. ఇలాంటి లెక్కలు నాకు కొత్త కాదు.

ఉష తలంటుకుని మేడమీద జుట్టారబెట్టుకుంటోంది. మా ఆయన వత్సవాయిలో ఎవరింట్లోనో గృహప్రవేశానికి వెళ్ళారు. తాళం తీసుకుని సీటెత్తాను. పేర్లేసే పెద్దాయన్ని వరండాలోకి పిలిచి, మిషనుకి ప్లగ్గు చూపించి, బ్యాటరీ ఎత్తమన్నాను.

"అబ్బో, బరువుందే. ఏంటమ్మా ఇది, గ్రైండరా?"

"బ్యాటరీ. పేరెయ్యి."

"నలభై ఏళ్ళనుంచి ఏస్తన్నా. దేవుడి పళ్ళాలకేశా, పాలక్యాన్లకేశా. బ్యాటరీకి ఎయ్యలా."

"ఇప్పుడెయ్యి."

"షాక్ కొట్టదుగా?"

"కొడితే నీ మిషనే కొట్టాలి. దీనికేం కాదు." అన్నానే గానీ నాకూ భయమే. రబ్బరు చెప్పులు వేసుకుని, పీట మీదెక్కి నిలబడ్డాను.

డబ్బా మీద మొన పెడితే ప్లాస్టిక్ కరిగి పోగులు పోగులుగా వచ్చింది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పక్కన అగ్గిపెట్టెంత స్టీలు రేకుంది. దాని మీద ఏవో సన్న అంకెలు, నల్లటి చుక్కల గడి.

"ఇక్కడైతే నిలబడుద్దమ్మా. ఏదో గీతలున్నయ్, వాటి మీద ఎయ్యనా?"

"ఎయ్యి. లోతుగా ఉండాలి. ఎన్ని చేతులు మారినా చెరిగిపోకూడదు."

ఇంటిపేరు పొడక్షరం, ఉషశ్రీ, జగ్గయ్యపేట. గుండ్రటి అక్షరాలు. మా పెళ్ళినాటి పళ్ళెం మీద కూడా అంత అందంగా లేవు.

"తేదీ ఎయ్యాలా?"

"ఎయ్యి."

"ఎవరి జ్ఞాపకార్థమని?"

"నీ నోట్లో మన్నుపడ! పిల్ల నిక్షేపంగా మేడ మీదుంది. పేరు చాలు, తేదీ వద్దు."

పేరున్న పక్క లోపలికి తిరిగేలా బ్యాటరీ సర్ది సీటు మూశాను. ఉషకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది. ఎవరింటికెళ్ళినా ఆ పేరు చూసి, ఇది ఫలానావాళ్ళదని ఏదో ఒకరోజు మా గుమ్మంలోకే వస్తుందనుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు బాగా నిద్రపట్టింది.

సోమవారం ఎనిమిదీ పదికి ఫోనొచ్చింది.

"అమ్మా, బ్యాటరీ మీద నా పేరేంటి?"

"ఏమైంది?"

"నువ్వు రా ముందు. రాంబాబన్నయ్య షాపుకి రా."

ఆటోలో వెళ్ళేసరికి షాపు ముందు ఐదారుగురు మూగి ఉన్నారు. టైరు మీద బ్యాటరీ, దాని మీద ఎండలో తళతళ మెరుస్తూ నేను వేయించిన పేరు. ఉష పెట్టె భుజాన తగిలించుకుని నిలబడి ఉంది.

రాంబాబు ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. "స్కానవట్లా సార్. నంబరు చెక్కేశారు... లేదు సార్, పూర్తిగా పోయింది... పేరేసుకున్నారు సార్. తెలుగులో." అని ఫోను పక్కకి తీసి నా వంక చూశాడు. "పిన్నీ, దీన్నేమంటారో తెలుసా? దొంగబండి ఛాసిస్ నంబరు కొట్టేసినట్టే. ఆ నంబరుంటేనే అది బ్యాటరీ. లేకపోతే ఎక్కడ దొంగిలించిందో ఎవరికి తెలుసు?"

"దొంగతనమేంటి రాంబాబూ? పేరు రాసుకుని ఎవరైనా దొంగతనం చేస్తారా?"

మూగినవాళ్ళలో ఒకడు, "అడ్రసు కూడా ఏసుకుంది, పిన్‌కోడే తక్కువ" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఉష నవ్వలేదు. నా వంక ఒక్కసారి చూసింది. ఫోన్లో టైము చూసుకుంది. తిడితే బాగుండును.

కంపెనీ తరఫున ఈ పాయింట్లన్నీ చూసే ఉమాకాంతం అనే ఆయన గరికపాడు దగ్గరున్నాడట. గంటలో వస్తానన్నాడు. అప్పటిదాకా బ్యాటరీ తీసుకున్న మనిషి అక్కడే ఉండాలి. ఓటీపీలు ఆ మనిషి ఫోనుకే వస్తాయి, కాగితం మీద సంతకం ఆ మనిషే పెట్టాలి. వెళ్ళిపోతే దొంగసొత్తు కింద రాసుకుంటారట. వేరే బ్యాటరీ ఇవ్వడానికి కూడా లేదు, ఉష ఐడీ ఆపేశారు.

టైము ఎనిమిదీ ముప్ఫై.

"నేనుంటా ఇక్కడ. చేసింది నేను. నువ్వు బస్సెక్కి పో" అన్నాను.

"నువ్వుంటే కుదరదమ్మా. నా పేరు మీదుంది." ఉష పెట్టె దించి నా చేతిలో పెట్టింది. "నువ్వే పట్టుకెళ్ళు. ఇరవై ఒక్క మంది రక్తముంది ఇందులో. నిలువునా పట్టుకో, ఊపకు. మూతకి సీలు వేసిన ఎర్రబద్ద ఉంది చూడు, దాన్ని ఎవరినీ తెంపనివ్వకు. రాజరాజేశ్వరి మేడం చేతికే ఇవ్వు. పదిలోపు."

నేను ఒక్కదాన్నీ నందిగామ వెళ్ళి పదేళ్ళయింది.

బస్టాండులో విజయవాడ బస్సు కదులుతుంటే ఎక్కాను. ఆధార్ కార్డు ఇంట్లోనే ఉండిపోయింది. ఫ్రీ టికెట్ లేదు, మామూలు టికెట్ కొన్నాను. కండక్టరమ్మాయి పెట్టె వంక చూసి, "ఏముందండీ అందులో?" అంది.

"మందులు."

రక్తమని చెబితే దించేస్తుందేమోనని నా భయం. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. పక్కన కూర్చున్న ముసలావిడ ఆదెమ్మట, పెనుగంచిప్రోలు వెళ్తోంది. "ఐస్‌క్రీములా అమ్మా?" అని మూత మీద చెయ్యేసింది. ఆ చెయ్యి తోసేశాను. పాపం, ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీ ఒకటి అడ్డంగా ఆగింది. పదకొండు నిమిషాలు పోయాయి. డ్రైవరు దిగి టీ తాగుతాడేమో, టైరు పంచరవుతుందేమో, ఐసు కరిగిపోతుందేమో, గొట్టం పగిలి ఒకరి రక్తం ఇంకొకరి దాంట్లో కలిసిపోయి లేని జబ్బు ఉందని రాస్తారేమో అనుకుంటూ నవాబుపేట దాటాను. అనాసాగరం దగ్గర టైము తొమ్మిదీ నలభై.

నందిగామ బస్టాండులో దిగి ఆటో బేరమాడకుండా ఎక్కడం నా జీవితంలో అదే మొదటిసారి.

ల్యాబు మెట్లెక్కేసరికి గోడ గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. రాజరాజేశ్వరి మేడం కళ్ళజోడు సర్దుకుంటూ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశారు.

"ఉషశ్రీ ఏదీ?"

"పేటలో ఉందండి. నేను వాళ్ళమ్మని. పెట్టె తెచ్చాను. ఇంకా పది కాలేదు."

"అట్లా ఎవరు పడితే వాళ్ళు తెస్తే తీసుకోలేమండి. తీసినవాళ్ళే తేవాలి. మధ్యలో ఎవరు ముట్టుకున్నారో, ఎక్కడెక్కడ తిరిగిందో మాకెట్లా తెలుస్తుంది?"

అవి నా మాటలే. మూడు నెలలుగా నేను అంటున్నవే. ఎదుటి మనిషి నోట్లోంచి వస్తే ఇంత కటువుగా ఉంటాయని అప్పటిదాకా తెలియలేదు.

"ఎవరూ ముట్టుకోలేదండి. ఒళ్ళోంచి దించలేదు."

"మీరు ముట్టుకున్నారుగా."

ఉషకి ఫోను చేశాను. రోడ్డు రొదలో వినపడదని స్పీకరు నొక్కాను. అదే పొరపాటైంది. అవతల ఉష ఫోనెత్తిందే గానీ, దాని కన్నా ముందు ఎవరిదో మగగొంతు వినిపించింది. ఆ ఉమాకాంతం అనే ఆయనదే.

"రాసుకో రాంబాబూ. నంబరు రేకు తనే చెక్కించానని కస్టమర్ ఉషశ్రీ ఒప్పుకున్నారు."

రాజరాజేశ్వరి మేడం చెయ్యి పెట్టె మీదనుంచి వెనక్కి పోయింది.

"ఏంటది? ఏ నంబరు చెక్కించింది?"

నన్ను కాపాడదామని పిల్ల నెత్తిన వేసుకుంది. ఈవిడ విననే విన్నది. నంబర్లు చెక్కేసే పిల్ల చేతికి ఇరవై ఒక్క మంది రక్తం ఎవరిస్తారు?

"అది అబద్ధమండీ!" అని అరిచాను. ల్యాబులో కూర్చున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. "ఉమాకాంతంగారూ, వినండి. నేను ఆ అమ్మాయి తల్లిని, పుష్పవతిని. పేరు వేయించింది నేను. నిన్న ఆదివారం, పిల్ల మేడ మీదుండగా, స్టీలు సామాన్లకి పేర్లేసేవాణ్ణి పిలిచి వేయించాను. దానికి తెలీదు. కొట్టేయండి అది రాసింది."

అవతలనుంచి ఉమాకాంతం అడిగాడు, "అమ్మా, నంబరు తీసేసి పేరెందుకు పెట్టారు?"

"నంబరని తెలీదండీ. మంచి బ్యాటరీ వచ్చింది. మళ్ళీ మాకే తిరిగి రావాలని."

"తిరిగి రావడమేంటి?"

"గిన్నెలు వస్తాయిగా."

రాంబాబు నవ్వు వినిపించింది. ఆ వెంటనే ఉష గొంతు, "అమ్మా, టైమెంత?"

"పదికి ఏడు నిమిషాలు. మేడం తీసుకోనంటున్నారే."

"మేడంకి ఇవ్వు ఫోను." మేడం అందుకోలేదు, నా చేతిలో ఉండగానే వంగి విన్నారు. "మేడం, ఎర్ర సీలు మీద నంబరుంది చూడండి. ఎనిమిదింటికి వేసి ఫోటో తీసుకున్నా. నాలుగు నాలుగు ఒకటి ఏడు. అదే నంబరుండి, తెగకుండా ఉంటే మధ్యలో ఎవరూ తెరవనట్టే. గొట్టాల కోడ్లు మీ కంప్యూటర్లోకి అప్పుడే ఎక్కించేశా."

మేడం పెట్టెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. కళ్ళజోడు పైకి నెట్టి ఎర్రబద్దని వేలితో తడిమారు. నేను తిరుపతమ్మ తల్లిని తలుచుకున్నాను. బస్సులో ఆ ముసలావిడ చెయ్యి వేసినప్పుడు ఏమైనా అయి ఉంటే?

"నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు" అన్నారావిడ. కత్తెర తీసుకుని బద్ద తెంపారు. గొట్టాలు ఒక్కొక్కటీ తీసి చుక్కల గడిని మిషనుకి చూపిస్తుంటే అది ఒక్కోసారీ కూత పెట్టింది. ఇరవై ఒక్క కూతలు. అంత చిన్న చుక్కల గడి కోసం ఇంత గొడవా అనుకున్నాను గానీ, ఇరవై ఒకటో కూత వినేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. ఉమాకాంతం ఉషతో చెబుతున్నాడు. బ్యాటరీ లోపల చిప్పులో కూడా అదే నంబరుంటుందట, పైది పోయినా అది పోదట. ఏ బ్యాటరీ ఎక్కడ తిరిగిందో తెలియాలంటే లోపలా బయటా రెండు చోట్లా ఉండాల్సిందేనట. వాళ్ళమ్మగారి చేత ఒక ఉత్తరం రాయించి ఇస్తే కేసు లేకుండా రేకు మార్పిస్తానని, ఐడీ ఎల్లుండికి వదులుతారని అన్నాడు.

"ఉమాకాంతంగారూ, ఉత్తరం రాస్తా. ముందు ఒకటి చెప్పండి" అన్నాను. "లోపల అంతా ఉంటదన్నారుగా. రెండో నెలలో మా అమ్మాయి నవాబుపేట దగ్గర ఆగిపోయింది. ఆ బ్యాటరీ మళ్ళీ ఎన్నిసార్లు మా అమ్మాయికే ఇచ్చారో కూడా ఉండాలిగా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"మా పేరు చూడటానికైతే గరికపాడు నుంచి పరిగెత్తుకొచ్చారుగా. ఇదీ చూడండి."

చూసి చెప్పాడు, "నాలుగుసార్లొచ్చిందమ్మా. దాని పని అయిపోవచ్చింది, రిపేరుకి పోవాల్సింది. కావాలని ఇచ్చింది కాదు. ఆ పాయింట్లో ఉన్నవే ఆరు."

"విన్నావా రాంబాబూ?"

"పచ్చలైటు వెలిగింది పిన్నీ, నేనేం చెయ్యను" అన్నాడు దూరంనుంచి.

కావాలని కాదట. కాకపోవచ్చు. అయినా ఇకనుంచి బ్యాటరీ తీసుకునేముందు దాని ఆరోగ్యం ఎంతుందో ఫోన్లో చూపించి ఇవ్వమని ఉష అడుగుతుంటే, చూపించడానికి వీలుందని ఉమాకాంతం ఒప్పుకోవడం నా చెవులతో విన్నాను. వీలున్నది మూడు నెలలు ఎందుకు చూపించలేదో మాత్రం చెప్పలేదు.

మేడం గొట్టాలు లోపలికి పంపించి, రిజిస్టరులో ఏదో రాసి వచ్చారు. "తీసుకున్నానండి. ఇక మీరు వెళ్ళొచ్చు."

"టైమేశారా?"

"వేశాను. తొమ్మిదీ యాభై ఎనిమిది."

"మీ చేతి గడియారం చూసి వేశారా, గోడది చూసి వేశారా?"

"రెండూ ఒకటేనండి."

"నాకొక చీటీ ఇవ్వండి. ఇన్ని గొట్టాలు ముట్టినట్టు, ఈ టైముకి."

ఇచ్చారు. తిప్పి చూశాను. స్టాంపు లేదు. వేయించుకున్నాను. మేడం చిరాకుపడ్డారో, నవ్వు ఆపుకున్నారో తెలియలేదు. బెంచీ మీద పరగడుపున కూర్చున్న ముసలాయన మాత్రం తన చీటీ కూడా తీసి స్టాంపుందా అని చూసుకున్నాడు.

"అమ్మా, ఏమైంది?" ఫోన్లో ఉష.

"ఉండవే." మేడం వైపు తిరిగాను. "ఇవాళ్టితో మూడు నెలలైందండి. లేటు ఒక్కసారే. మరి రూటు?"

"పెట్టె తను తేలేదు. అది రూలుకి విరుద్ధం." ఆవిడ రిజిస్టరు తిప్పి చూశారు. నేను చీటీని గుప్పిట్లో బిగించాను. "కానీ తను రాకపోయినా సీలు వేసింది, ఫోటో తీసింది, కోడ్లు ఎక్కించింది, పదిలోపు చేర్చింది. లేటని రాయను. రూటు అమ్మాయిదేనండి. ఇక ప్రశాంతంగా వెళ్ళండి."

ఫోన్లో ఉష ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. బెంచీ మీద ముసలాయన, "వెళ్ళమ్మా తల్లీ, మాకు సూది పొడిపించుకునే టైమైంది" అన్నాడు.

నేను వెళ్ళలేదు. సూదులూ రక్తమూ ఉన్న చోట రెండు నిమిషాలు కూడా నిలబడలేని దాన్ని, బల్ల దగ్గరికి ఇంకా జరిగాను.

"ఆ మాట కూడా రాసిస్తారా?" అన్నాను.

రాజరాజేశ్వరి మేడం కళ్ళజోడు తీసి నా వంక చూశారు. తర్వాత పెన్ను తీసుకున్నారు.